తలుపు మూసినది ఎవరి కొరకు?

మన రాయపురములో ఎవరి యింటనైన పెండ్లి కుదిరినచో వీధి యంతయు చెప్పుకొందుము. కాపురము చెడినచో తలుపు మూసికొందుము. ఇది తప్పని మేము చెప్పబోము. ఆడపిల్లలు గల యిండ్లవారము మనము. ఇంటి గుట్టు ఇంటిలోనే ఉండవలెనన్నది మన పెద్దల మాట. చట్టము కూడ ఆ మాటను గౌరవించినది. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము 22వ సెక్షను ప్రకారము భార్యాభర్తల వ్యాజ్యములను మూసిన తలుపుల వెనుకనే విచారింపవలెను. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులను, అదియు ఆ కోర్టు ముందుగ అనుమతించినప్పుడు దప్ప, ఆ వ్యాజ్యమునకు సంబంధించిన ఏ సంగతిని అచ్చువేయరాదు. వేసినవారికి వేయి రూపాయలవరకు జరిమానా కలదు.

అయితే ఈ తలుపు మూసినది ఎవరి కొరకు? కుటుంబము కొరకా, న్యాయాధిపతి కొరకా? ఈ ప్రశ్నను పాఠకుల ముందుంచుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొన్ని నెలల క్రిందట మన సంఘసభ్యుల కుటుంబములోని ఒక వృద్ధురాలు మా అంగడికి వచ్చినది. చేత చిన్న మూట ఉండెను. విప్పి చూపగా, అందులో దినసరి క్యాలెండరునుండి చింపిన కాగితములు. ఆమె మనుమరాలి వ్యాజ్యము ఒక కుటుంబ న్యాయస్థానములో నడచుచున్నది. అది ఏ ఊరిదో వ్రాయము. వాయిదా పడిన ప్రతి దినమున ఆ దినపు కాగితమును చింపి దాచియుంచినది. మేము లెక్కించితిమి, 31 కాగితములు. ఒకనాడు న్యాయాధిపతిగారు సెలవు. ఒకనాడు వకీలు రాలేదు. ఒకనాడు ఎదుటి పక్షమువారు గడువు కోరిరి. కొన్ని దినములకు కారణమే తెలియదు. ఆమె మమ్ము అడిగినది ఒక్కటే. “నాయనా, తీర్పు ఎట్లయినా రానీ. ఎప్పుడొస్తుందో ఎవరిని అడగాల?” లేచి పోవుచు మరియొక మాట అన్నది. “మా పిల్ల పేరు మాత్రం బయటికి రానీయకు నాయనా.”

ఈ రెండు కోరికలును న్యాయమైనవే. ఒకటి కావలెనన్న మరియొకటి వదలుకొనవలెనని ఆమెకు తోచలేదు. మాకును తోచుట లేదు.

మేము వ్యాపారస్థులము గనుక మాకు తెలిసిన సంగతితో పోల్చి చెప్పెదము. అంగడిలో అరువు ఖాతా ఉండును. ఎవరు ఎంత బాకీయో అందులో వ్రాసియుండును. దానిని వీధిలో పెట్టి చదువు వర్తకుడు మర్యాదస్థుడు కాడు. కాని త్రాసును మాత్రము కొనువారి కంటి యెదుటనే ఉంచవలెను. రాళ్ళపై ప్రభుత్వముద్ర ఉండవలెను. తనిఖీ అధికారి ఎన్నడు వచ్చినను చూపవలెను. అరువు ఖాతా రహస్యము గనుక త్రాసును కూడ లోపలి గదిలోనే పెట్టుకొందునని వర్తకుడనినచో ఎవరైన ఒప్పుకొందురా? కుటుంబపు గుట్టు ఖాతావంటిది. న్యాయాధిపతి చేయు పని త్రాసువంటిది. ఒకదానిని దాచుటకు వేసిన తలుపు రెండవదానిని కూడ దాచుచున్నది. మా ఫిర్యాదు ఇంతయే.

పార్లమెంటు 1984లో కుటుంబ న్యాయస్థానముల చట్టమును చేసినది. పది లక్షలు మించిన జనాభా గల నగరములలో ఇట్టి న్యాయస్థానము నెలకొల్పవలెనని విధించినది. మన చెన్నైలో అవి హైకోర్టు ఆవరణలోనే ఉన్నవి. పారీస్ కార్నరులో బస్సు దిగి ఆ మెట్లెక్కినవారు మన వారిలో ఎందరో కలరు. ఆ చట్టపు ఉద్దేశము మంచిది. మొదట రాజీకి ప్రయత్నింపవలెనని 9వ సెక్షను చెప్పును. ఖర్చు పెరుగకుండుటకు, కక్షలు ముదురకుండుటకు వకీలును పెట్టుకొనుట హక్కు కాదని 13వ సెక్షను చెప్పును. సాక్షి చెప్పినదంతయు విస్తారముగ వ్రాయనక్కరలేదు, సారాంశము చాలునని 15వ సెక్షను చెప్పును. మధ్యంతరపు ఉత్తరువులపై అప్పీలు లేదని 19వ సెక్షను చెప్పును.

ఒక్కొక్కటిగ చూచినచో వీనిలో తప్పు పట్టవలసినది లేదు. అన్నియు కలిపి చూడవలెను. తలుపు మూసియున్నది. వకీలు తోడుండుట హక్కు కాదు. చెప్పుకొన్న మాట పూర్తిగ వ్రాతలోనికి రాదు. నడుమ వచ్చిన ఉత్తరువుపై అప్పీలు లేదు. ఇక లోపల న్యాయాధిపతిగారు ఓపికతో వినిరో, విసుగుకొనిరో, ఎవరి గడువును ఏల అంగీకరించిరో తెలుపుటకు ఆయన స్వయముగ వ్రాసిన కాగితము దప్ప వేరు సాక్ష్యమేది? దేశములో మరి ఏ అధికారికిని ఇంతటి ఏకాంతము లేదు.

తూకపురాళ్ళు లేవా యనిన, చట్టమే ఇచ్చినది. హిందూ వివాహ చట్టము 21బి సెక్షను ప్రకారము, ఎదుటి పక్షమునకు నోటీసు అందిన దినమునుండి ఆరు నెలలలో విచారణ ముగించుటకు ప్రయత్నింపవలెను. 24వ సెక్షను ప్రకారము వ్యాజ్యము నడుచుచుండగ కోరు మనోవర్తి పిటీషనును, నోటీసు అందిన 60 దినములలో, సాధ్యమైనంతవరకు, పరిష్కరింపవలెను. ఎన్ని వ్యాజ్యములు ఈ గడువులు దాటినవి? ఎవరు కోరగా దాటినవి? పెండింగు వ్యాజ్యముల మొత్తపు సంఖ్యలను ప్రభుత్వము నేషనల్ జుడీషియల్ డేటా గ్రిడ్డు ద్వారా 2015 నుండి ప్రజలకు చూపుచున్నది. అది మేలే. కాని అంగడిలోని మొత్తపు సరకెంతో తెలిసినంతమాత్రమున తూకము సరియైనదో కాదో తెలియదు.

క్రింది న్యాయస్థానములలోని లోపము సాధారణముగ మనకు తెలియుట ఎప్పుడు? వ్యాజ్యము పైకోర్టునకు పోయినప్పుడు మాత్రమే. మనోవర్తి కోరిన ఒక భార్య వ్యాజ్యము కుటుంబ న్యాయస్థానములో తొమ్మిది సంవత్సరములు సాగిన సంగతి 2014లో సుప్రీంకోర్టు తీర్పు వలననే లోకమునకు తెలిసినది. అలవాటుగ వాయిదాలిచ్చు పద్ధతిని ఆ తీర్పు గట్టిగ ఖండించినది. 2020లో మరియొక తీర్పున సుప్రీంకోర్టు, మనోవర్తి వ్యాజ్యములలో ఇరుపక్షములవారును ఆస్తి ఆదాయముల వివరములను ప్రమాణపత్రముగ దాఖలు చేయవలెననియు, మనోవర్తిని పిటీషను వేసిన దినమునుండి ఇప్పింపవలెననియు దేశమంతటికి నిర్ణయించినది. పైకోర్టు మెట్లెక్కలేని కుటుంబములో ఇదే అన్యాయము జరిగినచో తెలియుట యెట్లు?

మనకు దగ్గరి ఉదాహరణము కూడ కలదు. మద్రాసులో నివసించుచుండిన ఒక తెలుగు నటిని కాపురమునకు రప్పింపవలెనని ఆమె భర్త కడప సబుకోర్టులో పిటీషను వేసెను. ఆమె అభ్యంతరము ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు చేరెను. ఇష్టములేని స్త్రీని కోర్టు ఉత్తరువుతో కాపురమునకు పంపు 9వ సెక్షను రాజ్యాంగమునకే విరుద్ధమని 1983లో జస్టిస్ పి. ఎ. చౌదరిగారు తీర్పు చెప్పిరి. మరుసటి సంవత్సరమే, 1984లో, సుప్రీంకోర్టు వేరొక వ్యాజ్యములో ఆ అభిప్రాయమును అంగీకరింపలేదు. ఎవరిది సరి యన్నది ఇచ్చట మా విషయము కాదు. రెండు తీర్పులును అచ్చైనవి, చదివినవారు తూచి చూచుకొనిరి, నేటికిని వాదించుచున్నారు. ఆ వ్యాజ్యము కడపలోనే ముగిసియున్నచో ఈ చర్చయే పుట్టెడిది కాదు.

దీనిపై వచ్చు అభ్యంతరములు మాకు తెలియనివి కావు. తలుపు తెరచినచో పత్రికలవారు న్యాయాధిపతి తీరును విడిచి దంపతుల రచ్చనే వ్రాయుదురని కొందరందురు. ఇది నిజమైన భయమే. ఇంగ్లాండు దేశము ఈ రెండు వైపులను చూచినది. అచ్చట ఒక భార్య, భర్త లోపము వలన తన వివాహము రద్దుకాగా, తనపై పుట్టిన నిందను పోగొట్టుకొనుటకు రహస్య విచారణ ప్రతిని భర్త తండ్రికి, సోదరికి పంపినది. అది కోర్టు ధిక్కారమని క్రిందికోర్టులు తప్పు పట్టినవి. 1913లో ప్రభువుల సభ ఆ ఉత్తరువును కొట్టివేసి, న్యాయము బహిరంగముగ జరుగుటయే నియమమని ప్రకటించినది. పిమ్మట పత్రికలు విడాకుల కథలను అమ్ముకొని లాభపడగా, 1926లో ఆ వివరములను అచ్చువేయుటపై చట్టముతో కట్టడి చేసిరి. తరువాత మధ్యమార్గమును వెదకిరి. 2023 జనవరిలో లీడ్స్, కార్డిఫ్, కార్లైల్ కుటుంబ న్యాయస్థానములలో విలేఖరులు విచారణను చూచి వ్రాయుటకు ప్రయోగముగ అనుమతించిరి. షరతు ఒక్కటే: కుటుంబమును, పిల్లలను గుర్తుపట్టునట్లు వ్రాయరాదు. 2025 జనవరిలో ఆ పద్ధతిని ఇంగ్లాండు, వేల్సు దేశములలోని కుటుంబ న్యాయస్థానములన్నిటికి విస్తరించిరి. ఖాతా మూసియుంచి త్రాసును బయట పెట్టుట సాధ్యమేనని దీనివలన తెలియుచున్నది.

ఓడినవాడు న్యాయాధిపతిని దూషించును, ఆయన నోరు తెరచి సమాధానము చెప్పుకొనజాలడు గదా యని మరికొందరందురు. ఇదియు సత్యమే. కావుననే మేము దూషణను కోరుట లేదు, లెక్కను కోరుచున్నాము. లెక్క మంచి న్యాయాధిపతికే మొదటి రక్ష. దినమునకు ఎన్ని వ్యాజ్యములు ఆయన బల్లమీద పడుచున్నవో, ఎన్ని వాయిదాలు వకీళ్ళ వలన, ఎన్ని కక్షిదారుల వలన పడినవో బయటికి వచ్చినచో నింద అర్హులకే చెందును. చట్టము కూడ నోరు కట్టివేయలేదు. 1971వ సంవత్సరపు కోర్టు ధిక్కార చట్టములో, ముగిసిన వ్యాజ్యపు తీర్పును న్యాయముగ విమర్శించుట ధిక్కారము కాదని 5వ సెక్షను, క్రింది న్యాయాధిపతిని గురించి సద్భావముతో హైకోర్టునకు విన్నవించుట ధిక్కారము కాదని 6వ సెక్షను చెప్పుచున్నవి. రాజ్యాంగము 235వ అధికరణము క్రింది న్యాయస్థానములపై అదుపును హైకోర్టునకే ఇచ్చినది.

మన తాతల కాలమున ఇట్టి తగవులను పెద్దలే అరుగులమీద తీర్చెడివారు. ఆ కాలమే మంచిదని మేము అనము. ఆడుదాని మాట అచ్చట వినిపించుట అరుదు; తీర్పునకు వ్రాత లేదు; బలిసినవాని పక్షమే నెగ్గిన సందర్భములు మన యిండ్లలోనే చెప్పుకొందురు. కాని ఒక గుణము మాత్రముండెను. తప్పు తీర్పు చెప్పిన పెద్ద మరునాటి ఉదయము ఆ వీధిలోనే నడువవలెను. ఆ యింటివారి ముఖమే చూడవలెను. నేటి న్యాయాధిపతి చదువరి, నిష్పక్షపాతి కావచ్చును. కాని మూడేండ్లకు బదిలీయై పోయినచో ఆయనను మన వీధి ఎరుగదు.

మన రాయపురములోనే 1910 నుండి పార్సీల అగ్ని దేవాలయము కలదు. మనకంటె ఎంతో చిన్న సమాజము వారిది. 1936వ సంవత్సరపు వారి వివాహ చట్టము ప్రకారము చెన్నై, ముంబై, కలకత్తా హైకోర్టులలో వారి దంపతుల వ్యాజ్యములకు ప్రత్యేక న్యాయస్థానములున్నవి. న్యాయాధిపతితోపాటు వారి సమాజమునుండి నియమింపబడిన ప్రతినిధులు కూర్చుండి వాస్తవములను నిర్ణయింతురు. 1988 సవరణ పిమ్మట వారి సంఖ్య అయిదు. ఈ పద్ధతి అన్యాయమని ఒక పార్సీ మహిళ 2017లో సుప్రీంకోర్టు నాశ్రయించెను గనుక దానినే మనము తెచ్చుకొందమని చెప్పము. తలుపు మూసినను లోపల మరి కొన్ని కన్నులుండవచ్చునని మాత్రము చూపుచున్నాము.

కావున మా సూచనలివి. మొదటిది, ప్రతి కుటుంబ న్యాయస్థానమును నెలకొకసారి ఒక పట్టికను బయట అంటింపవలెను: వచ్చిన వ్యాజ్యములెన్ని, ముగిసినవెన్ని, ఆరు నెలలు దాటినవెన్ని, 60 దినములు దాటిన మనోవర్తి పిటీషనులెన్ని, వాయిదాలు ఎవరి కోరికపై పడినవి. ఇందులో పేర్లు అక్కరలేదు. రెండవది, కుటుంబ న్యాయస్థానముల తీర్పులను పేర్లు, ఊర్లు తొలగించి ప్రకటించుటకు వీలుగ పార్లమెంటు 22వ సెక్షనును సవరింపవలెను. మూడవది, పేర్లు దాచు షరతుపై విలేఖరులకు ప్రవేశము కల్పింపవలెను. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము మన కష్టమును ప్రభుత్వాధికారులకు మన భాషలోనే విన్నవించుకొను హక్కు మనకు కలదు. ఆ విన్నపమును తెలుగులోనే వ్రాసి, తమిళ ప్రతితో పంపుదము. మన తమిళ సోదరుల యిండ్లలోని బాధయు ఇదియే గనుక వారును కలిసి వచ్చెదరని నమ్ముచున్నాము.

చట్టము మారువరకు ఈ పత్రిక ఏ కుటుంబపు వ్యాజ్యమును అచ్చువేయదు. ఎవరును తమ కథను వ్రాసి పంపవద్దని మనవి. వాయిదా తేదీలను మాత్రము ఎవరికి వారు ఇంట వ్రాసియుంచుకొనవలెను. హైకోర్టునకు విన్నవించుకొనవలసి వచ్చినచో అవియే ఆధారము. ఆ వృద్ధురాలు చేసినది అదియే. ఆమె మూటలోని 31 కాగితములపై ఎవరి పేరును లేదు. తేదీలు మాత్రమే కలవు. మేము న్యాయస్థానములనుండి కోరునది అంతకు మించి ఎక్కువ కాదు.