మూడున్నర రూపాయల వడ్డీకి ఇంత మర్యాదా?

బెంగళూరులో ఉన్నా బరంపురంలో ఉన్నా, మూడు రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాణ్ణి మనం జలగ అంటాం. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు మూడున్నర రూపాయలు పడితే మాత్రం అది బ్యాంకు సదుపాయం! ఏడాదికి 42 శాతం. 30 శాతం దాటితే అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తేల్చింది. ఆ తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

బిల్లులో 'కనీస మొత్తం' అన్నదే అసలు ఉచ్చు. 50,000 బాకీకి నెల వడ్డీ 1,750, దానిపై జీఎస్టీ 315. కనీసమని 2,500 కడితే అసలులో తగ్గేది 435 రూపాయలే. బాకీ తీరేదాకా, కార్డు మీద కొత్తగా కొన్న బియ్యానికీ మొదటి రోజు నుంచే వడ్డీ.

అందుకే ముందు కార్డు వాడకం ఆపాలి. బంగారం కుదువపెట్టో, సహకార సంఘంలోనో తక్కువ వడ్డీకి తెచ్చి దీన్ని తీర్చెయ్యాలి. అదీ కుదరకపోతే వడ్డీ తగ్గించి వాయిదాలుగా మార్చమని బ్యాంకును అడగాలి. 'సెటిల్‌మెంట్' చివరి దారి, ఆ ముద్ర సిబిల్‌లో ఏళ్లపాటు ఉంటుంది. రాత్రి 7 దాటాక రికవరీ ఏజెంట్లు ఫోన్ చేయకూడదు. చేస్తే ముందు బ్యాంకుకు, వినకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి.

నెహెమ్యా నూరవ వంతు వడ్డీనే తిరిగిచ్చెయ్యమన్నాడు. మన ప్రసంగాలేమో ఆసుపత్రి బిల్లుకు కార్డు గీకినవాడికి పొదుపు పాఠం చెబుతున్నాయి. భవన నిధికి ఏటా చందాలెత్తే సంఘాలను మేము అడుగుతున్నాం: వడ్డీలేని అప్పులకు ఈ ఏడాదే ఒక నిధి పెట్టండి. తీసుకున్నవాళ్ల పేర్లు మాత్రం ఆదివారం ఆరాధనలో చదవకండి.