యెరికో దారిలో మనం ఎక్కడ నిలబడ్డాం?

ధ్యాన భాగము: మార్కు 10:46-52



మనలో చాలామంది రోజుకు ఇన్ని అధ్యాయాలని లెక్క పెట్టుకుని బైబిలు చదువుతున్నాం. మంచి అలవాటు, మానవద్దు. అయితే సువార్తలను చదవడానికి ఇంకొక పద్ధతి కూడా ఉంది. ఒక్క సంఘటనను తీసుకుని, ఆ చోట మనమూ ఉన్నట్టు తలంచుకుని, అక్కడి నుంచే ప్రభువుతో మాట్లాడడం. ఈ విధమైన ప్రార్థన మన పల్లె సంఘాలకు అవసరమనీ, దీన్ని చూసి భయపడనక్కర లేదనీ మేము నమ్ముతున్నాం. ఎందుకో చెప్తాం.

ముందుగా "ధ్యానం" అనే మాట దగ్గరే కొందరు ఆగిపోతారు. కళ్లు మూసుకుని మనసును ఖాళీ చేసుకోవడం క్రైస్తవుల పని కాదు కదా అంటారు. నిజమే, కాదు. యెహోషువ 1:8లో, మొదటి కీర్తనలో ధ్యానించడం అని మనం చదువుకునే చోట ఉన్న హెబ్రీ మాటకు అర్థం సణగడం, గొణుక్కోవడం. యెషయా 31:4లో వేట మీద నిలబడి గుర్రుమనే సింహానికీ, 38:14లో మూలిగే గువ్వకూ అదే మాట వాడారు. అంటే బైబిలు చెప్పే ధ్యానం మనసును ఖాళీ చేయడం కాదు, వాక్యంతో నింపుకోవడం. ఆవు నెమరు వేసినట్టు అదే మాటను నోట్లో తిప్పుకుంటూ ఉండడం.

రెండో మాట, "ఇది కాథలిక్కుల పద్ధతి" అని. ఈ పద్ధతికి ఒక క్రమం ఏర్పరచి పుస్తకంగా రాసినవాడు ఇగ్నేషియస్ లొయోలా, అది వాస్తవమే. ఆయన స్పెయిన్ దేశపు సైనికుడు. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి మంచం మీద ఉన్నప్పుడు క్రీస్తు జీవితాన్ని గూర్చిన పుస్తకం చదువుతూ మారాడు. ఆయన రాసిన ఆధ్యాత్మిక సాధనల పుస్తకానికి 1548లో పోపు ఆమోదం లభించింది. కానీ ఈ ప్రార్థనకు వేరు ఆయన కాలంలో లేదు. చాలా లోతుకు, మోషే దగ్గరకు పోతుంది.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం చూడండి. ఒక రైతు తొలి పంట గంపలో పెట్టుకుని దేవుని సన్నిధికి వస్తాడు. మన కోత పండుగకు ధాన్యం తెచ్చినట్టే. అప్పుడు అతడు ఒక సాక్ష్యం చెప్పాలి. ఐగుప్తులో పడిన కష్టం, పెట్టిన మొర, దేవుడు విడిపించిన సంగతి చెప్పాలి. ఆ రైతు ఐగుప్తు ముఖం ఎన్నడూ చూసి ఉండడు. వందల ఏళ్ల తరువాత పుట్టి ఉండవచ్చు. అయినా ఆ కష్టం పడింది మా తాతలని చెప్పి ఊరుకోడు, మేమే పడ్డామని చెప్తాడు. దేవుడే అలా చెప్పమన్నాడు. ఆ కథలో అతడి చోటు అతడికి ఉంది.

పౌలు చేసిందీ అదే. గలతీయులు సిలువ వేసిన దినాన యెరూషలేములో లేరు. అయినా సిలువ వేయబడిన క్రీస్తు వాళ్ల కళ్లెదుటే ప్రదర్శింపబడ్డాడని వారికి రాశాడు (గలతీ 3:1). సువార్త ప్రకటన అంటే విన్నవాడి కళ్ల ముందు నిలిచేటట్టు చెప్పడమే. బుర్రకథ విని పెరిగిన మన పెద్దలకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర లేదు. చదువు రాని తల్లులు కూడా కథ వింటూ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారంటే, ఆ కథలోకి వెళ్లబట్టే కదా.

మూడో అభ్యంతరం కొంచెం బరువైనది. ఊహించుకుంటే వాక్యానికి మన సొంత కల్పన కలిపినట్టు కాదా? ఆలోచించవలసిన మాటే. కానీ ఒక్కసారి కళ్లు మూసుకుని యేసు ప్రభువును తలచుకోండి. ఏ ముఖం కనబడింది? కొందరికి గోడమీది క్యాలెండరు బొమ్మ. అమెరికా చిత్రకారుడు వార్నర్ సాల్మన్ 1940లో గీసిన పటం లోకమంతా ఇళ్లలోకి చేరింది. ఇంకొందరికి 1978లో వచ్చిన 'కరుణామయుడు'లో విజయచందర్ గారి ముఖం. నాలుగు సువార్తల్లో ప్రభువు ముఖం ఎలా ఉంటుందో ఒక్క మాట కూడా లేదు. అంటే మనం వద్దనుకున్నా ఊహ మనలో పని చేస్తూనే ఉంది. దాన్ని బొమ్మలకూ సినిమాలకూ వదిలేద్దామా, వాక్యం చేతికి అప్పగిద్దామా? వాక్యానికే అప్పగించాలని మా మాట.

ఎలా చేయాలో బర్తిమయి సంగతితో చూద్దాం. అరగంట సమయం పెట్టుకోండి. ఫోను పక్కన పెట్టండి. ప్రభువా, నీ వాక్యంలో నిన్ను చూడనిమ్మని అడగండి. ఆ ఏడు వచనాలను బయటికి వినబడేటట్టు, మెల్లగా రెండు మూడు సార్లు చదవండి. చదువు రాకపోతే ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి. తరువాత బైబిలు మూసి ఆ దారిలోకి వెళ్లండి.

యెరికో సముద్ర మట్టం కంటే కింద ఉన్న ఊరు. ఉక్క, ఖర్జూరపు చెట్లు, దుమ్ము. పస్కా దగ్గర పడింది. అక్కడి నుంచి యెరూషలేముకు అంతా ఎగువ దారి, సుమారు వెయ్యి మీటర్ల ఎక్కుడు. జనం గుంపులుగా కదులుతున్నారు. దారి పక్కన ఒక గుడ్డివాడు కూర్చున్నాడు. అతడికి ఏదీ కనబడదు, అడుగుల చప్పుడు వినబడుతుంది. మీరు కూడా ముందు వినండి. అతడి కేక వినండి. ఊరుకోమని గద్దించే గొంతులు వినండి. ఇంకా గట్టిగా లేచిన కేక వినండి. అంత గోలలో ప్రభువు ఆగిపోయాడు. ఆ నిశ్శబ్దంలో కాసేపు ఉండండి.

అతడు పైబట్ట పారవేసి లేచాడని మార్కు రాశాడు. పేదవాడి పైబట్టను తాకట్టు పెట్టుకుంటే పొద్దు గుంకే లోపల తిరిగి ఇవ్వాలని ధర్మశాస్త్రం చెప్పింది, రాత్రి కప్పుకోవడానికి వాడికి వేరే గతి లేదు గనుక (నిర్గమ 22:26-27). బర్తిమయికి ఇంకా చూపు రాలేదు. అయినా ఉన్న ఒక్క ఆధారాన్ని విసిరేశాడు. మన చేతులు ఏ బట్టను గట్టిగా పట్టుకున్నాయో అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు ప్రభువు, నీకేమి కావాలని అడుగుతాడు. కొన్ని వచనాల ముందు యాకోబు, యోహానులనూ ఇదే అడిగాడు (10:36). వాళ్లు కుడి ఎడమల ఆసనాలు కోరారు, ఇతడు చూపు కోరాడు. ఆ ప్రశ్న మీ వంతుకు రానివ్వండి. ప్రార్థన విన్నపాల పట్టీ చదవడానికి తొందరపడవద్దు. నిజంగా ఏం కావాలో చెప్పండి.

అయితే ఈ కథలో గుడ్డివాడి చోటులోనే కూర్చుంటే సరిపోదు. మరొక రోజు గుంపులో నిలబడండి. గద్దించినవాళ్లు ముందు నడుస్తున్నవాళ్లని లూకా చెప్తున్నాడు (18:39). యేసుకు శత్రువులు కారు, ఆయనతో వస్తున్నవాళ్లే, వరుసలో ముందున్నవాళ్లే. ఆరాధన సాఫీగా సాగాలని మనం ఎవరిని ఊరుకోబెడుతున్నాం? ప్రతి వారం అదే విన్నపం చెప్పే తల్లినా? తాగి వచ్చి వెనక నిలబడి ఏడ్చేవాడినా? అత్తింటి బాధ చెప్పుకోబోయిన కోడలినా? ప్రభువు ఆగాక, ఊరుకోమన్న ఆ గుంపే అతడికి ధైర్యం చెప్పి లేపవలసి వచ్చింది. ఊహతో చేసే ప్రార్థన మనల్ని ఈ చోటికి తీసుకురాకపోతే అది కాలక్షేపమే. తీసుకొస్తే వచ్చే ఆదివారం మన సంఘం వేరుగా ఉంటుంది.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. సువార్తలో లేని కొత్త ఉపదేశాన్ని ప్రభువు నోట పెట్టవద్దు. మీకు తోచిన తలంపు వాక్యానికి విరుద్ధమైతే అక్కడే వదిలేయండి. ఊహలో కనబడినదాన్ని దర్శనమని చెప్పి ఇంకొకరి మీద రుద్దవద్దు. దెబ్బలు తిని బతికినవారికి సిలువ శ్రమల సన్నివేశాలు భరించలేనంత కావచ్చు. వారు తీరంలో ప్రభువు రొట్టె, చేపలు సిద్ధం చేసిన ఉదయంతో మొదలుపెట్టవచ్చు (యోహాను 21). మనసు నిలవకపోతే దిగులుపడవద్దు. వచనం మళ్లీ చదివి, ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పి లేవండి. మరునాడు అదే కథకు వెళ్లండి.

చూపు వచ్చాక బర్తిమయి ఇంటికి వెళ్లలేదు, దారిని ఆయన వెంట వెళ్లాడు. ఆ దారి ఎక్కడికి పోతుందో మనకు తెలుసు. కళ్లు తెరిచి ఆయన వెంట నడవడమే ఈ ప్రార్థనకు ముగింపు.

ప్రభువైన యేసూ, గోలలోనూ ఆగి వినేవాడా, మా మొర ఆలకించుము. మేము ఊరుకోబెట్టిన గొంతులను మాకు వినిపించుము. పట్టుకున్న బట్టను విడిచి నీ వెంట నడిచే కృప దయచేయుము. ఆమేన్.