బ్రెడ్ ఈస్టు పిండికే! సైడర్ జాడీలో వెయ్యకండి

వర్జీనియా తెలుగువారికి విన్నపం

మొన్న శనివారం రాత్రి ఆష్‌బర్న్‌లో మనవాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో సైడర్ సీసాలు పేలాయి. ఒకటి పేలగానే పక్కవీ పగిలాయి. గాజుపెంకులు ఎదురుగోడలో దిగబడ్డాయి. అక్కడే క్యారమ్స్ ఆడుతున్న పిల్లలు అప్పుడే అన్నానికి పైకి వెళ్లారు కాబట్టి సరిపోయింది.

కారణం అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనడం లేదు. వించెస్టర్ తోటల్లో యాపిల్స్ కోసుకొస్తాం, రసం తీస్తాం, నాన్ కోసం కొన్న ఏడు గ్రాముల ఈస్టు పొట్లం చించి అందులో పోస్తాం. పిండిని గంటా రెండు గంటల్లో పొంగించడానికి పెంచిన ఈస్టు అది. వారాల తరబడి చల్లటి బేస్‌మెంట్‌లో నిలకడగా పనిచేసి, చక్కెరంతా తినేసి, అడుగున గట్టిగా పేరుకోవాలని దాన్ని తయారుచేసినవాళ్లు అనుకోలేదు. చలికి మధ్యలోనే ఆగిపోతుంది. బుడగలు రావడం లేదు కదా అని మనం క్లిప్పు మూతల సీసాల్లోకి ఎత్తేస్తాం. హీటర్ వేసిన రోజున అది మళ్లీ లేస్తుంది. 750 మి.లీ. సీసాలో 15 గ్రాముల చక్కెర, అంటే మూడు నాలుగు టీస్పూన్లు, మిగిలి పులిస్తే దాదాపు 4 లీటర్ల గ్యాసు పుడుతుంది. అలంకారానికి అమ్మే పలకల సీసా దాన్ని ఆపలేదు.

పేలకపోయినా మిగిలేదేమిటి? మబ్బుపట్టిన గ్లాసు, పచ్చిపిండి వాసన, సీసా కదిపితే చాలు పైకి లేచే మడ్డి. దానికి ‘నేచురల్’ అని పేరుపెట్టి ఇంటికొచ్చినవాళ్లకు పోస్తున్నాం. ద్రాక్ష వైన్‌లో ఈ ఈస్టు చాలాసార్లు 10 శాతం ఆల్కహాల్ దగ్గరే చతికిలబడుతుంది. 71బి అనే వైన్ ఈస్టు 14 దాకా, ఈసీ-1118 అయితే 18 దాకా తట్టుకుంటుంది.

ఇక మెత్తగా చెప్పి లాభం లేదు. రెండు మూడు డాలర్లు మిగుల్చుకోవడానికి పిల్లల ఆటగదిలో బాంబులు పేర్చడం నేరం. “రెండూ ఒకే జాతి కదా” అనేవాళ్లకు ఒకటే జవాబు: జాతి ఒకటే, పెంపకం వేరు. 1883లోనే కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచి చూపించాడు. “మద్యనిషేధం రోజుల్లో అమెరికావాళ్లు ఇదే వాడారు” అంటారు. వాళ్లకు గతిలేదు. మనకేం లోటు? ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వైన్ చేసుకోవచ్చని, అమ్మకూడదని ఫెడరల్ చట్టమే చెబుతోంది. “మన తాతలు ఏ ఈస్టూ వెయ్యని కల్లు తాగలేదా?” తాగారు, దింపిన రోజునే, మూతిబిగించని ముంతల్లోంచి. ఆ కల్లును సీసాలో బిగించి నెలలు దాచలేదు.

వైన్ ఈస్టు 5 గ్రాముల పొట్లం 5 గ్యాలన్లకు సరిపోతుంది. అదే కొనండి. దాంతోపాటు హైడ్రోమీటర్ కూడా కొనండి, ఎందుకంటే చక్కెర మిగిలి ఉండగా బిగిస్తే ఏ ఈస్టైనా సీసా పగలగొడుతుంది. పాలలో నీళ్లు పట్టించే లాక్టోమీటర్ లాంటిదే అది. సైడర్‌లో 1.050 దగ్గర మొదలైన అంకె 1.000కో అంతకన్నా కిందకో దిగి, కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు చూసినా కదలకపోతేనే సీసాలకెత్తండి. పండుగ పోటీలకు ఇంటి వైన్ తీసుకునే సంఘాలు ఈ అంకెలు రాసివ్వని సీసాను బల్లమీద పెట్టనివ్వకూడదు.

బ్రెడ్ ఈస్టుతో చేసి బిగించిన సీసాలు ఇప్పటికే ఇంట్లో ఉంటే పిల్లల్ని దూరంగా పంపండి. కళ్లద్దాలు, మందపాటి చేతితొడుగులు వేసుకుని, దళసరి తువ్వాలు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. బాగా చల్లబడ్డాక సింకులో మెల్లగా మూత తియ్యండి. ఈ రాత్రే తియ్యండి.