అందరూ సమానమేనంటే సరిపోదు

"మా బడిలో మతభేదం లేదు, పిల్లలందరినీ ఒకే తీరుగా చూస్తాం." ఏ ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగినా వచ్చే సమాధానం ఇదే. వారి చిత్తశుద్ధిని నేను శంకించను. అయితే భేదం లేదని చెప్పే ముందు దాని కోసం ఎన్నడైనా వెదికి చూశారా?

1993లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుడిని జాతిద్వేషంతో హత్య చేశారు. పోలీసు దర్యాప్తు వైఫల్యంపై 1999లో మెక్‌ఫర్సన్ నివేదిక వెలువడింది. పనిగట్టుకొని ద్వేషించకపోయినా, అజ్ఞానం వల్ల, ఆలోచనారాహిత్యం వల్ల ఒక సంస్థ వివక్షకు పాల్పడగలదని అది తేల్చింది. పాఠశాలల్లో జరిగే జాతివివక్ష సంఘటనలన్నిటినీ నమోదు చేయాలని సిఫారసు చేసింది. జాతి విషయంలో చెప్పిన ఈ మాట మన బడుల్లో మతానికీ వర్తిస్తుంది.

గుమాస్తాగా పనిచేసిన నాకు ఈ అజ్ఞానం కాగితాల మీదే కనిపించేది. 'షేక్' అన్నది అడ్మిషన్ రిజిస్టరులో ఇంటిపేరు, టీసీలో పిల్లవాడి పేరు. పేరు కలవలేదని స్కాలర్‌షిప్ దరఖాస్తు తిరిగివచ్చేది. తండ్రి కూలి మానుకొని కార్యాలయాల చుట్టూ తిరిగేవాడు. రాసినవారికి ద్వేషం లేకపోవచ్చు, నష్టం మాత్రం ఆ బిడ్డదే.

తరగతి గదిలోనూ ఇంతే. ఇంట ఉర్దూ మాట్లాడే బిడ్డ తెలుగులో తడబడితే మొద్దు అని ముద్ర వేస్తారు. ఇంట తెలుగే మాట్లాడే దూదేకుల బిడ్డను "నువ్వూ ముస్లిమేనా?" అని ప్రశ్నిస్తారు. క్రికెట్ పోటీ రోజున "మీ జట్టు ఏది?" అని నవ్వుతారు. 6-14 ఏళ్ల ముస్లిం బాలల్లో 25 శాతం మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. పేదరికం ఒక్కటే కారణమని సరిపెట్టుకుందామా?

ప్రధానోపాధ్యాయులు ముందుగా తమ రిజిస్టరునే చదవాలి. ఎవరు, ఏ తరగతిలో, ఎందుకు మానేశారో లెక్క తీయాలి. మన బస్తీకి వచ్చి తల్లులతో మాట్లాడాలి. అవమానపు మాటలను పుస్తకంలో నమోదు చేయించాలి. మానసిక వేధింపును విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. కనుక ఇది మనకు చేసే ఉపకారం కాదు, వారి విధి.

మన బాధ్యతా ఉంది. పాఠశాల యాజమాన్య కమిటీలో మూడువంతుల స్థానాలు తల్లిదండ్రులవే. ఆ సమావేశాలకు మనం వెళ్లకపోతే మన బిడ్డల మాట అక్కడ ఎవరు చెబుతారు?