ఆరోగ్య పుట: ఎవరి యొడలికి వారి యోగము



యోగాభ్యాసమను మాట వినని యిల్లు నేడు లేదు. జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగా పాటింపవలెనని ఐక్యరాజ్యసమితి 2014వ సంవత్సరము డిసెంబరు మాసమున తీర్మానించినది మొదలు బడులలోను, మైదానములలోను జనులు గుంపులుగా గూడి ఆసనములు వేయుచున్నారు. 2025లో విశాఖపట్టణపు సముద్రతీరమున ఒక్క యుదయమున సుమారు మూడు లక్షలమంది కలిసి చేసిరి. ఉత్సవమునకు గుంపే శోభ. కాని యొడలికో మనస్సుకో చికిత్స కావలసి వచ్చినప్పుడు గుంపువలన ప్రయోజనము తక్కువ. ఇంటిలోని స్త్రీలందఱకు ఒకే కొలతను రవికలు కుట్టించినచో ఎవ్వరికి సరిపడును? యోగచికిత్సయు నట్టిదే. ఈ మాసమున ఆ సంగతిని ముచ్చటింతము.

యోగచికిత్స యనగా రోగము పేరు విని ఆసనము పేరు చెప్పుట కాదు. ఆ రోగము ఎవరికి వచ్చినదో ఆమెను చూచుట. ఆమె వయస్సేమి, చేయు పని యేమి, కాన్పు లెన్ని, నిద్ర యెట్లున్నది, ఊపిరి పొట్టిదా పొడవైనదా, మ్రింగుచున్న మందు లేవి, దినమున ఎంత తీరిక దొరకును, మనస్సున నున్న దిగు లేమి, ఇన్నియు అడిగి తెలిసికొన్న పిమ్మట, ఆమె యొక్కతెకే తగినట్లు కొన్ని కదలికలను, శ్వాసక్రమమును, విశ్రాంతిని కూర్చి యిచ్చుట.

దక్షిణదేశమున నీ పద్ధతిని స్థిరపఱచినవారిలో ముఖ్యులు తిరుమలై కృష్ణమాచార్యులవారు. వీరు 1888లో నేటి కర్ణాటకములోని చిత్రదుర్గము జిల్లాలో జన్మించి, 1989లో నూఱేండ్లు నిండి మదరాసున కీర్తిశేషులైరి. 1933 మొదలు మైసూరు మహారాజావారి యాశ్రయమున యోగశాల నడుపుచు బాలురకు ఎగురుట, దూకుట గల తీవ్రాభ్యాసములను నేర్పిరి. ఆ గురువులే పిదప మదరాసు చేరి, రోగులను ఒక్కొక్కరినే కూర్చుండబెట్టుకొని, నాడి చూచి, పండుకొనియో కూర్చుండియో చేయదగిన చిన్న యభ్యాసములను బోధించిరి. గురువు మాఱలేదు, ఎదుటనున్న మనిషి మాఱుటచే పాఠము మాఱినది. స్త్రీలకును యోగము తగునని వారి మతము. 1938లో తీసిన యొక చలనచిత్రమున వారి భార్య నామగిరియమ్మగారు స్వయముగా ఆసనములు వేసి చూపిరి. వారి కుమారులు దేశికాచార్యులవారు 1976లో మదరాసున స్థాపించిన కృష్ణమాచార్య యోగమందిరమున ఒక గురువు ఎదుట ఒకే రోగి కూర్చుండి నేర్చుకొను ఆ పద్ధతియే నిలిచినది.

ఈ మాట మన యిండ్లలో ఎట్లు ఫలించునో చూచుటకై ఒక యింటిని ఊహించుకొందము. భద్రాచలమునకు ఎగువను, గోదావరి గట్టున, అడవి యంచున నున్న దుమ్ముగూడెములోని యిల్లనుకొనుడు. ఆ యింట ముగ్గురు స్త్రీలు: అరువది దాటిన అత్తగారు, ముప్పది యేండ్ల కోడలు, పుట్టినింటికి వచ్చియున్న ఆడపడుచు. ముగ్గురును "ఒంట్లో బాగుండలే"దనియే చెప్పుదురు. మాట యొక్కటే; బాధలు మూడు.

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, రక్తపుపోటు. ఆసుపత్రివారిచ్చిన మాత్రలు దినదినము మ్రింగుచున్నది. ఆమె మనుమని సెల్‌ఫోనులో ఎవరో తలక్రిందులుగా నిలిచి "సర్వరోగములు పోవు"నని చెప్పుట చూచినది. తల్లీ, ఆ పని వలదు! రక్తపుపోటు గలవారు తలను గుండెకంటె క్రిందికి దింపు ఆసనములను వేయరాదు; ఊపిరి బిగబట్టరాదు; కొలిమితిత్తివలె వేగముగా ఊపిరి కొట్టరాదు. నేల కూర్చుండి లేచుటయే కష్టమైన మోకాళ్ళకు పద్మాసనమును తగదు. ఆమెకు గట్టి కుర్చీ యొక్కటి చాలును. వెన్ను నిటారుగ నుంచి కూర్చుండి, ఊపిరి పీల్చుచు చేతులను భుజములయెత్తు వఱకు లేపి, విడుచుచు దింపవలెను. పిదప ఊపిరి విడుచుచు ఒక కాలిని మెల్లగా ముందుకు చాచి, పీల్చుచు తిరిగి దింపవలెను. రెండవ కాలికి నట్లే. ఒక్కొక్కటి ఆఱు మాఱులు. తుదకు కన్నులు మూసికొని, నాలుగు లెక్కించునంతలో ఊపిరి పీల్చి, ఆఱు లెక్కించునంతలో విడుచుచు ఐదు నిమిషము లుండవలెను. ఇట్లు చేయగా పోటు కొంత తగ్గవచ్చును. తగ్గినదని మాత్రలను తనంతట మానరాదు. తగ్గించుటకు అధికారము వైద్యునిదే.

కోడలికి నడుము నొప్పి. ఎందువలన? ఏప్రిలు, మే నెలలలో తెల్లవాఱక ముందే అడవికి పోయి వంగి తునికాకు కోయును. ఇంటికి వచ్చి వంగి కూర్చుండి ఏబదేసి యాకులను కట్టగట్టును. ఆ కట్టలను కల్లమున వంగి పఱచును. వానలు పడగనే మోకాలిలోతు బురదలో వంగి నాట్లు వేయును. నడుము నొప్పికి "ముందుకు వంగి కాలివ్రేళ్ళు పట్టుకొను"మని చెప్పువారు కలరు. ఏడాదియంతయు వంగియే యున్న నడుమును ఇంకను వంచుట మందా? ఆమెకు కావలసినది దానికి ఎదురైనది. వెల్లకిల పండుకొని, మోకాళ్ళు మడిచి, పాదములు నేల నాన్చి, ఊపిరి పీల్చుచు నడుమును మెల్లగా పైకెత్తి, విడుచుచు దింపవలెను. దీనిని సేతుబంధ మందురు. ఆఱు మాఱులు చాలును. పిమ్మట పిక్కలను మంచముపై నుంచి, వీపును నేల నాన్చి, ఐదు నిమిషములు కదలక పండుకొనవలెను. ఆమెకు ఆసనముకంటె ఆ యైదు నిమిషముల విశ్రాంతియే గొప్ప చికిత్స.

అయినను ఒక మాట. ఆమె కనుఱెప్పల లోపలి భాగము తెల్లబాఱి, నాలుగడుగులు వేయగనే ఆయాసపడుచున్నచో, మొదట రక్తపరీక్ష చేయింపవలెను. రక్తహీనతకు ఇనుము గల మాత్రలు, ఆకుకూరలు, పప్పులు కావలెను. ఏ యాసనమును ఇనుమును పుట్టింపజాలదు. జ్వరముగా నున్న దినములలో అభ్యాసమును పూర్తిగా మానవలెను. అడవి యంచు గ్రామములలో జ్వరము వచ్చినప్పుడు మలేరియాకు పరీక్ష చేయించుటలో ఆలస్యము కూడదు.

ఇక ఆడపడుచు. ఆమెకు ఒడలి నొప్పి లేదు, నిద్రయు లేదు. ఆమె యత్తవారి యిల్లు గోదావరి పల్లమున నున్నది. భద్రాచలమువద్ద మూడవ ప్రమాదపు హెచ్చరిక 53 అడుగులకు. 2022వ సంవత్సరము జూలై 16వ తేదీన నీరు 71 అడుగులు దాటినది. అంతకు పూర్వము 1986 ఆగస్టులో 75 అడుగులు దాటినదని పెద్దలు చెప్పుకొందురు. నీరు దిగినది, బురద కడిగిరి, వాకిట మరల ముగ్గు పెట్టిరి. కాని భయము దిగలేదు. ఆషాఢమున వాన చప్పుడు వినబడగనే గుండె దడదడ కొట్టుకొనును. రాత్రి నాలుగు మాఱులు లేచి ఏటివైపు చూచును. "ఊరికే భయపడకు"మని ఇంటివారు మందలింతురు. మందలింపువలన భయము పోవునదైనచో ఎప్పుడో పోయెడిది.

చిత్తము చెదరినప్పుడు దానితోపాటు నాలుగు పుట్టునని పతంజలి యోగసూత్రములందు చెప్పెను: దుఃఖము, దిగులు, ఒడలి వణకు, ఉచ్ఛ్వాసనిశ్వాసముల క్రమము తప్పుట. మొదటి రెండును మనస్సువి, తక్కినవి దేహమునవి. మనస్సును ఆజ్ఞాపించి నిలుపుట కష్టము. ఊపిరిని మనము కొంత నడపగలము. ఊపిరి లోనికి పోవునప్పుడు గుండె కొంచెము వేగముగా, వెలుపలికి వచ్చునప్పుడు కొంచెము మెల్లగా కొట్టుకొనునని నేటి శరీరశాస్త్రము చెప్పుచున్నది. కనుకనే నిదానముగా, దీర్ఘముగా ఊపిరి విడుచుట దేహమునకు "ఇప్పు డపాయము లే"దని చెప్పినట్లగును.

కాని ఈ సోదరిని వెంటనే కన్నులు మూయించి ధ్యానమున కూర్చుండబెట్టరాదు. కన్ను మూయగనే ఆమెకు నీరే కనబడును. మొదట కన్నులు తెఱచియే వాకిట పది నిమిషములు నడువవలెను. పిదప నిలుచుండి, ఊపిరితోగూడ చేతులు లేపుచు దింపుచు నుండవలెను. ఒడలు కుదుటపడిన పిమ్మట కూర్చుండి ఊపిరిని లెక్కింపవలెను. రాత్రి పండుకొనుటకు ముందు, పెదవులు కలిపి, తుమ్మెదవలె మెల్లగా ఝుంకారము చేయుచు ఊపిరి విడుచుట మేలు. దీనిని భ్రామరి యందురు. వారములు గడచినను నిద్ర రాకున్నను, అన్నము సహింపకున్నను, బ్రదుకుపై విరక్తి కలిగినను, దానిని దాచరాదు. వైద్యునికి చూపవలెను. 14416 సంఖ్యకు ఫోను చేసినచో టెలిమానస్ అను ప్రభుత్వసేవవారు ఉచితముగా తెలుగునందే మాటలాడి దారి చూపుదురు. మనస్సుకు మందు పుచ్చుకొనుట సిగ్గుపడదగిన పని కాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ వైద్యశాలలో మందులతోపాటు యోగమును వాడుచున్నారు.

చూచితిరి గదా! అత్తగారి కుర్చీ కోడలికి అక్కఱ లేదు. కోడలి సేతుబంధము ఆడపడుచు భయమును తీర్పదు. ఆడపడుచు నడక అత్తగారి మోకాళ్ళకు భారము.

యోగమును గుఱించి అతిశయోక్తులు నమ్మకుడు. చాలకాలముగా నున్న నడుము నొప్పి, ఏ వ్యాయామమును చేయనివారికంటె యోగము చేసినవారికి కొంత తగ్గినదని పరిశోధనలు చెప్పుచున్నవి. తక్కిన వ్యాయామములకంటె ఎక్కువ మేలని చెప్పుట లేదు. మధుమేహము, క్షయ, రాచపుండు వంటివానికి వైద్యుని మందునకు మాఱుగా యోగమును చెప్పువారివద్ద నుండి లేచి రండు. మిమ్ము నేమియు అడుగక, మీ మందుల చీటీ చూడక, మొదటి దినముననే ఆసనము వేయించు గురువు మీకు గురువు కాడు. గర్భిణులును, బాలింతలును, శస్త్రచికిత్స యైనవారును వైద్యురాలి యనుమతి లేనిదే ఆరంభింపరాదు. అభ్యాసమున రొమ్ము నొప్పి, కన్నులు తిరుగుట, కాలు తిమ్మిరి కలిగినచో వెంటనే మానవలెను. రొమ్ము నొప్పి తగ్గకున్నను, కాలు బలహీనమైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

ప్రొయ్యి రాజేయుటకు ముందు, పరగడుపున, పండ్రెండు నిమిషములు చాలును. ఇంటి పద్దుల పుస్తకమున ఒక పుటను మీకై యుంచుకొని, ఆనాడు చేసినది, నొప్పి, నిద్ర ఒక్కొక్క పంక్తిలో వ్రాయుడు. నెల తిరిగిన పిమ్మట ఆ పుటను చూపినచో, తెలిసిన గురువు మీ యభ్యాసమును మార్చి యిచ్చును.

తుదకొక విన్నపము. ఇంటిలో ఎవరి పథ్యము వారికి వేఱుగా వండుచున్న ఇల్లాలు, తన యొడలి మాట వచ్చునప్పటికి "నాకేమిలే" యనును. ఆ పండ్రెండు నిమిషములు ఆమెకు ఎవ్వరు నీయరు, ఆమెయు అడుగదు. కనుక అత్తగారలారా, మీ యభ్యాసము ముగిసిన పిమ్మట కుర్చీ ప్రొయ్యి చెంతకు జరుపుకొని పాలు పొంగకుండ చూచుచుండుడు; కోడలిని నడుము వాల్చనిండు. కోడండ్రారా, ఈ పుటను చదువురాని పొరుగింటి యక్కకు చదివి వినిపింపుడు. కాని మీ యాసనమును ఆమెకు నేర్పకుడు. ఆమె బాధ యేమో మొదట అడుగుడు.