వెన్నుకు సూది: అడిగి తెలుసుకున్నాకే సంతకం

అత్తాపూర్: నాట్లు వేసేవారికి, మూటలు మోసేవారికి, బండ్లు నడిపేవారికి నడుము నొప్పి కొత్త కాదు. అది తుంటి నుంచి పిక్క దాకా పాకినప్పుడు శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల వైపు పల్లెల వారు ఫ్లైఓవర్ స్తంభాల నంబర్లు చూసుకుంటూ అత్తాపూర్ ఆసుపత్రులకు వస్తుంటారు. కొందరికి వెన్నులో ఎపిడ్యూరల్ ఇంజెక్షన్ వేయాలని డాక్టర్లు చెబుతారు. ఆ మాట వినగానే కాళ్లు పడిపోతాయని వెనుదిరిగే వారున్నారు. ఒక్క సూదితో రోగం పోతుందని అప్పు చేసి డబ్బు కట్టే వారూ ఉన్నారు. ఈ రెండు అభిప్రాయాలూ సరికావు.

వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబ్బి నరాన్ని ఒత్తితే అక్కడ వాపు పుట్టి కాలు లాగుతుంది. వెన్నుపామును కప్పి ఉన్న పొర వెలుపల కొద్దిపాటి ఖాళీ ఉంటుంది. ఎక్స్‌రే తెరపై చూసుకుంటూ, వాపు తగ్గించే స్టెరాయిడ్ మందును ఆ ఖాళీలోకి ఎక్కిస్తారు. సూదిని వెన్నుపాములో గుచ్చరు. సాధారణంగా వారం లోపల ఉపశమనం తెలుస్తుంది. కొందరికి అది వారాలు, కొందరికి నెలలు నిలుస్తుంది, కొందరికి అసలు కలగదు. కాలిలోకి దిగే నొప్పికి పనిచేసినంతగా ఒట్టి నడుము నొప్పికి ఇది పనిచేయదు. ఇది వాపును అణచుతుందే గాని డిస్కును సరిచేయదు.

తుంటి నొప్పికి ఈ దారిన మందు ఎక్కించడం పారిస్‌లో 1901లోనే మొదలైంది. పాత పద్ధతి అయినంత మాత్రాన ప్రమాదమే లేదనుకోరాదు. చూపు పోవడం, పక్షవాతం, మరణం వంటివి అరుదుగా సంభవించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించింది. చక్కెర వ్యాధి ఉన్నవారికి కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి.

కనుక సంతకం పెట్టించుకునే కాగితాన్ని ఆసుపత్రి వారు తెలుగులో చదివి వినిపించాలి. నరం ఒత్తుకున్నట్లు పరీక్షలో తేలిందా, మాత్రలు, వ్యాయామంతో కొన్ని వారాలు ఆగవచ్చా, సూదులు ఎన్ని, మొత్తం ఖర్చు ఎంత అని రోగి అడగాలి. చాలామందికి కాలి నొప్పి కొద్ది వారాలలో దానంతట అదే తగ్గుముఖం పడుతుంది. మత్తుమందు క్షేమమా కాదా తేల్చడానికి 1888, 1889లలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ చొరవతో క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నది హైదరాబాదులోనే. అటువంటి చోట రోగి "ఇది క్షేమమేనా" అని అడగడం అమర్యాద కాదు.

అయితే కాలు బలహీనపడినా, మూత్రం బిగిసినా, అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా ఆగరాదు. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. సూది వేసిన తరువాత జ్వరం, తీవ్రమైన తలనొప్పి వచ్చినా అంతే.

నొప్పి తగ్గిన మరునాడే మూట ఎత్తితే పెట్టిన డబ్బు వృథా. ఆ వ్యవధిలో నడక, నడుముకు బలమిచ్చే వ్యాయామం అలవరచుకుంటేనే సూది వల్ల ప్రయోజనం. ఈ సంగతులను రోగికి అర్థమయ్యే మాటలలో చెప్పడం వైద్యంలో భాగమేనని ఆసుపత్రుల వారు గుర్తించాలి.