ద్వారపాలకుని దానము

వ్యాపారి దానమునకు పూనుకొన్నప్పుడు విచారింపవలసిన విషయములు రెండు: అతడు ఇచ్చునది ఏమి, తనవద్ద ఉంచుకొనునది ఏమి. మొదటిదానిని లోకము చూచును. రెండవదానిని వ్యాపారియే చూచుకొనును. ఈ కాలపు సాంకేతిక సంస్థల బలమంతయు ఈ రెండవ లెక్కలోనే దాగియున్నది.

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ సంస్థ రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి భారతదేశమున ఒక పథకమును ఆరంభించెను. తొలుత దాని పేరు ఇంటర్నెట్.ఆర్గ్, కొన్ని మాసములకు అది ఫ్రీ బేసిక్స్‌గా మారెను. ఇంటర్నెట్టు నెరుగని పేదలకు కొన్ని సేవలు రుసుము లేకుండ లభించునట: వార్తలు, ఆరోగ్య విషయములు, వాతావరణము, వానితోపాటు ఫేస్‌బుక్కును. వినుటకు ఉదాత్తముగనే యుండెను. కాని ఏ సేవ అందు చేరవచ్చునో నిర్ణయించు నిబంధనలు ఆ సంస్థవే. రాకపోకలు సాగవలసినదియు ఆ సంస్థ ద్వారముననే.

వివాదమునకు మూలమిదియే. ఇంటర్నెట్టు అంగడి సరకు కాదు, బాట. సంతకు పోవువాడును, న్యాయస్థానమునకు పోవువాడును బాటపై సమానులే. ఫలానా దుకాణములకు పోవువారికి సుంకము లేదు, తక్కినవారు చెల్లింపవలెనన్న క్షణముననే అది బాట కాకపోవును. ఆ దుకాణదారుని ముంగిలి యగును. దానినే ప్రపంచమని నమ్మిన పేదవానిని అతని ఊరి రైతుసంఘమో, అతని భాషలో పత్రిక నడుపు యువకుడో చేరవలెనన్నచో, ముందుగా ముంగిలి యజమానుని అనుమతి పొందవలెను.

ఏమియు లేనివానికి కొంచెమైనను మేలు కాదా యని సంస్థ పక్షమువారు వాదించిరి. 2015 డిసెంబరులో మార్క్ జుకర్‌బర్గ్ ఒక ఆంగ్ల దినపత్రికలో వ్యాసము వ్రాసి, తన పథకమును గ్రంథాలయములతోను, ప్రభుత్వ వైద్యశాలలతోను, పాఠశాలలతోను పోల్చెను. పోలిక మనోహరము, పరీక్షకు మాత్రము నిలువదు. గ్రంథాలయమున అన్ని గ్రంథములు ఉండవన్నది నిజమే. కాని గ్రంథపాలకుడు తాను ప్రచురించిన గ్రంథమును ముందువరుసలో నిలిపి, తక్కినవారికి ప్రవేశ నిబంధనలు వ్రాయడు. పథకమున ప్రకటనలు లేవని సంస్థ చెప్పెను. సరియే, విత్తు నాటిననాడే కోతకు వచ్చు రైతు లేడు. ప్రకటనలపై బ్రతుకు సంస్థకు ప్రతి కొత్త సభ్యుడును రేపటి పంటయే.

పథకముకంటె దానిని సమర్థించిన తీరు ఎక్కువ బోధించినది. టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ ధరల భేదమును గూర్చి ప్రజాభిప్రాయము కోరగా, ఫేస్‌బుక్ తన సభ్యుల యెదుట సిద్ధముగ వ్రాసిన లేఖలనుంచి, పంపుడని ప్రోత్సహించెను. పత్రికలలో పూర్తిపుట ప్రకటనలు వెలసెను. అడిగిన ప్రశ్నలకు ఆ లేఖలలో సమాధానము లేదని ట్రాయ్ ఆక్షేపించెను. వాది తానే, సాక్షులను పిలుచువాడు తానే, సభాభవనమును తనదే యైనప్పుడు, ఆ సభలో వినబడునది ప్రజల గొంతు అగునా?

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అట్టి భేదపూరిత ధరలను నిషేధించెను. వెంటనే ఫేస్‌బుక్ పాలకమండలి సభ్యుడగు మార్క్ ఆండ్రీసెన్, వలసవాద వ్యతిరేకత భారతీయులకు దశాబ్దములుగా ఆర్థిక వినాశము తెచ్చినదని ట్విట్టరులో వ్రాసెను. నిరసన చెలరేగగా తొలగించి క్షమాపణ చెప్పెను. జుకర్‌బర్గ్ ఆ మాటతో ఏకీభవింపననెను. ఒకని నోరు జారుట పెద్ద విషయము కాదు. తమ దానమును కాదనుటయే కృతఘ్నతయను భావము ఆ మాటకు వెనుక నుండుట పెద్ద విషయము.

ఈ ధోరణి నిన్నటిది కాదు. 1973 నాటి విదేశీ మారకద్రవ్య చట్టము ననుసరించి విదేశీ వాటాను తగ్గించుకొనుటకు ఐ.బి.ఎం. అంగీకరింపక, 1978లో దేశమును వీడెను. దేశము స్తంభించిపోలేదు. ఆ సంస్థ యంత్రముల సంరక్షణను ప్రభుత్వరంగ సంస్థయగు సి.ఎం.సి. చేపట్టెను, హైదరాబాదునందలి ఇ.సి.ఐ.ఎల్. అప్పటికే స్వదేశీ కంప్యూటర్లు నిర్మించుచుండెను. స్వదేశీ యంత్రములన్నియు మేలైనవని దీని అర్థము కాదు. ఒక సంస్థ లేనిచో గతి లేదను బెదిరింపు వట్టిదని మాత్రమే అర్థము.

ఫ్రీ బేసిక్స్ విషయమునను అట్లే జరిగినది. 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశము చేయగా డేటా ధరలు కూలినవి; కోట్లాది జనులు ఆ ముంగిలితో పనిలేకయే ఇంటర్నెట్టును చేరిరి. అంతటితో కథ ముగిసినచో ఎంత బాగుండెడిది! 2020 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ రూ. 43,574 కోట్లతో జియో ప్లాట్‌ఫామ్స్‌లో 9.99 శాతము వాటాను కొనుటకు పూనుకొనెను. జులైలో గూగుల్ రూ. 33,737 కోట్లతో 7.73 శాతమునకు ఒప్పుకొనెను. దానము పేర తెరువని తలుపును ధనము తెరచినది. ద్వారపాలకుని ఆపినవారు, అతడు ఇంటిలో భాగస్వామి యగుటను చూచుచుండిరి.

దీనివలన నష్టమేమి యనువారు పొరుగుదేశము వంక చూడవలెను. ఫేస్‌బుక్కే ఇంటర్నెట్టని అనేకులు తలచిన మయన్మారులో రోహింగ్యాలపై ద్వేషము ఆ వేదికపై వ్యాపించెనని 2018లో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘము తేల్చెను. హింసను ప్రేరేపించుటకు తన వేదిక ఉపయోగపడకుండ తగినంత చేయలేదని సంస్థయే ఆ నవంబరులో ఒప్పుకొనెను. ఒప్పుకోలు వచ్చునప్పటికి ఏడు లక్షలకు మించిన జనులు ఇల్లు విడిచి బంగ్లాదేశ్ చేరియుండిరి. ఒక జాతి మాటలన్నియు ఒకే ద్వారమున పోవునప్పుడు, ద్వారపాలకుని అజాగ్రత్తయే ఉపద్రవమగును.

సంస్థలను తరిమివేయవలెనని ఎవరును కోరుట లేదు. బాట యజమానియు దుకాణపు యజమానియు ఒక్కడు కాకుండ చట్టము చూడవలెను. ఒక వేదికను వీడువాడు తన వ్రాతలతోను, పరిచయములతోను వేరొక వేదికకు పోగలుగవలెను. సేవ ఏ భాషలో లాభము గడించునో, ఆ భాషలో ఫిర్యాదు వినువాడు ఉండవలెను. ఇవి దయాధర్మములు కావు, పౌరుని హక్కులు. హక్కు నిలిచినచోట దానమునకు కృతజ్ఞత చెప్పవలసిన పనియే యుండదు.